ఇసుకలో దూరే చేపలకు ఏ ఇసుక? ఉప్పునీటి అక్వేరియానికి రకాల పోలిక, ఎంపిక

ఉప్పునీటి అక్వేరియానికి ఇసుక ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది చూసేవి రెండే: తెల్లగా కనిపిస్తుందా, నీటిని కదిలించే పంపు (వేవ్‌మేకర్) తోపుకు లేవకుండా నిలుస్తుందా. అడుగుతో పనిలేని చేపలకైతే అంతవరకు చూస్తే సరిపోతుంది. రాత్రి ఇసుకలో పడుకునే రాస్, నోటితో ఇసుక జల్లించే గోబీ, బొరియ కట్టుకునే జాఫిష్ ఉన్న ట్యాంకు లెక్క వేరు. గింజ ముతకదైతే చేప ఒళ్లు గీసుకుంటుంది, లేదంటే దూరడం మానేసి రాత్రంతా మూలన ఒదిగి ఉండి రోజురోజుకీ చిక్కిపోతుంది. లోతు చాలకపోతే కట్టిన బొరియ కట్టినట్టే కూలుతుంది. బొరియ లేని జాఫిష్ బెదిరిపోయి, మూతలో సందు దొరికిన రోజున బయటికి దూకేస్తుంది.

కాబట్టి ఇసుక కంటే ముందు చేపను తేల్చుకోండి. ఆ చేప ఇసుకతో ఏం పని చేస్తుందో తెలిస్తే గింజ సైజు, లోతు, మిశ్రమం దాదాపు వాటంతటవే తేలిపోతాయి. రంగు, ధగధగ, కాల్షియం అందిస్తుందన్న మాటలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

చేప ఇసుకతో చేసే పని

మొదటి గుంపు ఒక్కసారిగా దూకి దూరేవి. హాలికోరిస్ జాతి రాస్‌లు (మెలనూరస్ రాస్, ఎల్లో కోరిస్ రాస్ ఇందులోవే), లెపర్డ్ రాస్‌లు, టామరిన్ రాస్‌లు, అసలు కోరిస్ జాతి చేపలు రాత్రి ఇసుక కింద పడుకుంటాయి. పగలు భయపడినా అంతే. తల ముందు పెట్టి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ ఒక్క క్షణంలో మాయమవుతాయి. ఆ వేగంలో ఇసుక గింజల అంచులు పొలుసుల మీద, ముఖ్యంగా పెదవుల మీద నేరుగా రాసుకుంటాయి. ఇదే పని రోజూ జరుగుతుంది కనుక చిన్న గీతలు మానే లోపే కొత్తవి పడతాయి.

రాస్ అని పేరున్న ప్రతి చేపకూ ఇసుక అక్కర్లేదని గుర్తుంచుకోండి. ఫెయిరీ రాస్‌లు, ఫ్లాషర్ రాస్‌లు, సిక్స్‌లైన్ రాస్ రాళ్ల సందుల్లో పడుకునే రకాలు. ఇవి మాత్రమే పెంచాలనుకుంటే కింద చెప్పే లోతులు, గింజ సైజులు మీకు పట్టవు. పలచటి పొర వేసినా, అసలు వేయకపోయినా వాటికి తేడా లేదు.

రెండో గుంపు నోటితో జల్లించేవి. వాలెన్సియెన్నియా జాతి స్లీపర్ గోబీలు, అంటే డైమండ్ గోబీ, తల పసుపుగా ఉండే స్లీపర్ గోబీ వంటివి, నోరారా ఇసుక తీసుకుని లోపలి చిన్న పురుగులను ఏరుకుని మిగతాది మొప్పల సందులోంచి వదిలేస్తాయి. మొప్పల లోపలి భాగం ఎంత మెత్తగా ఉంటుందో ఆలోచిస్తే ఇక్కడ గింజ ఎందుకు సన్నగా, గుండ్రంగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

మూడో గుంపు బొరియ కట్టేవి. జాఫిష్ నోటితో ఇసుక తవ్వి బయట పోసి, చిన్న రాళ్లు, చిప్ప ముక్కలు తెచ్చి గోడలకు పేర్చుకుంటుంది. పిస్టల్ రొయ్యతో కలిసి ఉండే వాచ్‌మన్ గోబీల విషయంలో తవ్వేది రొయ్య, కాపలా గోబీది. ఇంజనీర్ గోబీ రాళ్ల కింద పొడవాటి సొరంగాలు తవ్వుతుంది. వీటికి కావలసింది కూలని గోడ. అందుకే మొదటి రెండు గుంపులకు బాగా కుదిరే సన్న ఇసుక ఒక్కటే వేస్తే వీటికి కుదరదు.

గార్డెన్ ఈల్ ఈ మూడింటిలోనూ ఇమడదు. అది తోక ముందు పెట్టి ఇసుకలోకి దిగుతుంది, ఒంటినుంచి వచ్చే జిగురుతో గోడను తనే అతికించుకుంటుంది. దానికి రాళ్ల ముక్కలు అడ్డం. సన్న ఇసుక, అదీ చాలా లోతుగా కావాలి.

గింజ సైజు: ఎంపికలో సగం పని ఇక్కడే

మార్కెట్లో దొరికే ఇసుకను నాలుగు సైజులుగా చూడొచ్చు. సంచి మీద పేర్లు కంపెనీని బట్టి మారుతుంటాయి కనుక పేరు వదిలేసి మిల్లీమీటర్ల అంకె చూడండి.

అన్నిటికంటే సన్నది ఊలైట్, సుమారు 0.2 నుంచి 0.7 మి.మీ. పొడి ఉప్పు గింజలంత ఉంటుంది. ఊలైట్ గింజ పగలగొట్టి తీసింది కాదు. సముద్రంలో దొర్లుతూ పొరలు పొరలుగా పెరిగింది. అందుకే సహజంగా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. డైమండ్ గోబీకి, గార్డెన్ ఈల్‌కు, అడుగున పడుకునే రే చేపలకు దీన్ని మించింది లేదు. రాస్‌లకూ హాయిగానే ఉంటుంది. ఇబ్బంది నీటి ప్రవాహంతో వస్తుంది. పగడాల కోసం బలమైన వేవ్‌మేకర్లు పెట్టిన ట్యాంకులో ఈ ఇసుక మూలలకు కొట్టుకుపోయి మధ్యలో అద్దం బయటపడుతుంది. చేప ఎక్కువగా దూరే చోటే ఖాళీ అయితే ఇసుక వేసి ప్రయోజనం లేదు. ఇంకొకటి, సన్న ఇసుక త్వరగా గట్టిపడుతుంది. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

రెండోది 0.5 నుంచి 1.5 మి.మీ. మధ్యరకం. ఇసుకలో దూరే చేపల్లో ఎక్కువ వాటికి సరిపడేది ఇదే. ఏ చేప తెస్తారో ఇంకా తేలకపోయినా, రాస్ ఒకటి రెండు తప్పకుండా ఉంటాయనుకున్నా దీన్నే తీసుకోమని మా గట్టి సలహా. సాధారణ పగడాల ట్యాంకు ప్రవాహంలో పంపులను కాస్త పైకి తిప్పితే నిలుస్తుంది. రాస్ సులువుగా దూరుతుంది. డైమండ్ గోబీ కూడా జల్లించుకుంటుంది, అయితే గింజల్లో ఎక్కువభాగం 1 మి.మీ. లోపు ఉండేలా చూసుకోవాలి.

మూడోది 1 నుంచి 2 మి.మీ. బలమైన ప్రవాహం తప్పనిసరి అయిన ట్యాంకులో ఇది కదలకుండా కూర్చుంటుంది, చూడ్డానికీ శుభ్రంగా ఉంటుంది. గింజలు గుండ్రంగా ఉంటే హాలికోరిస్ రాస్‌లు దీనిలో సర్దుకుంటాయి. ఒళ్లు సున్నితమైన లెపర్డ్ రాస్‌కు మాత్రం దీన్ని ఎంచుకోవద్దు. స్లీపర్ గోబీలకూ వద్దు. అవి నోట్లోకి తీసుకున్నది జల్లించలేక ఉమ్మేస్తుంటాయి, తిండి దొరక్క పొట్ట లోపలికి పోతుంది.

నాలుగోది 2 మి.మీ. పైన ఉండే క్రష్డ్ కోరల్, అంటే పగడపు తునకలు. పగలగొట్టి చేసింది కనుక అంచులు పదునుగా ఉంటాయి. గింజల మధ్య సందుల్లోకి మిగిలిన తిండి, మలం దిగిపోయి కుళ్లుతుంది. దూకి దూరే చేపకు దీన్ని ఒంటరిగా ఎప్పుడూ వేయకండి. ఇది పనికొచ్చేది ఒక్క చోటే, బొరియ కట్టే చేపల మిశ్రమంలో.

సైజుతో పాటు ఆకారమూ చూడాలి. 0.8 మి.మీ. గాజు పెంకులాంటి గింజ కంటే 1.3 మి.మీ. గుండ్రటి గింజ చేపకు మేలు. చిటికెడు పొడి ఇసుక తెల్ల కాగితం మీద పోసి 10 రెట్ల భూతద్దంతో చూడండి. పక్కన మి.మీ. స్కేలు పెడితే సైజు కూడా తేలుతుంది. తర్వాత బొటనవేలు, చూపుడు వేలి మధ్య గట్టిగా రుద్దండి. వేలికి గుచ్చుకునేది చేప పెదవికి ఇంకా గట్టిగా గుచ్చుకుంటుంది. చిప్పల పొడి కలిపిన ఇసుకల్లో పల్చటి పలుకులు కనిపిస్తాయి. రాస్ ట్యాంకుకు వాటిని పక్కన పెట్టేయండి.

అరగొనైట్, సిలికా, నల్ల ఇసుక

అరగొనైట్ అంటే కాల్షియం కార్బొనేట్. పగడపు దిబ్బల దగ్గర చేపలు రోజూ తాకేది ఈ రకం ఇసుకనే. కాఠిన్యపు స్కేలు మీద అరగొనైట్ 3.5 నుంచి 4, సిలికా ఇసుకలోని క్వార్ట్జ్ 7. అంటే అరగొనైట్ అంచులు నీటిలో కదులుతూ కాలక్రమేణా అరిగి నున్నబడతాయి, క్వార్ట్జ్ అంచులు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. అద్దం తుడిచే అయస్కాంతం కింద క్వార్ట్జ్ గింజ ఇరుక్కుంటే గాజు మీద గీత ఖాయం. అక్రిలిక్ ట్యాంకైతే అరగొనైట్ గింజ చాలు గీత పడడానికి.

అరగొనైట్ వేస్తే పీహెచ్ దానంతట అదే నిలబడుతుందని సంచుల మీద రాస్తుంటారు. దాన్ని నమ్ముకుని ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల మోతాదు) పరీక్షలు మానొద్దు. మామూలు ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ 8 దాటి ఉంటుంది, ఆ నీటిలో అరగొనైట్ దాదాపు కరగదు. పగడాలకు కాల్షియం అందించే కాల్షియం రియాక్టర్లలో దాన్ని కరిగించడానికి కార్బన్ డయాక్సైడ్ పంపి పీహెచ్‌ను 6.5 దరిదాపులకు దించాల్సి వస్తుంది. అడుగు పొరల్లో బ్యాక్టీరియా వల్ల పీహెచ్ తగ్గి కొద్దిగా కరిగే మాట నిజమే కానీ, అది మీ పగడాల అవసరం తీర్చేంత ఉండదు. అరగొనైట్‌ను ఎంచుకోవడానికి దాని మెత్తదనం, గుండ్రటి గింజ చాలినంత కారణాలు.

సిలికా ఇసుక మీద ఉన్న ప్రధాన ఫిర్యాదు గోధుమరంగు డయాటమ్ పాచి. క్వార్ట్జ్ నీటిలో కరగడం చాలా నిదానం. కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో వచ్చే ఆ పాచి అరగొనైట్ వేసినా వస్తుంది. శుద్ధిచేయని కుళాయి నీటిలోని సిలికేట్ దానికి పెద్ద మూలం. కాబట్టి సిలికాను పాచి భయంతో తిరస్కరించనక్కర్లేదు. అంచుల పదును, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోవడం, వీటి వల్లే జాగ్రత్తపడాలి. ఈత కొలను ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక జల్లించి ఒకే సైజులో వస్తుంది, చాలావరకు 0.4 నుంచి 0.9 మి.మీ. మధ్య. గింజ గుండ్రంగా ఉంటే రాస్ దీనిలో ఇబ్బంది లేకుండా పడుకుంటుంది. ఇసుక బ్లాస్టింగ్‌కు వాడే రకం, కట్టడాలకు వాడే రకం మాత్రం అసలు వద్దు.

నల్ల ఇసుక ఎక్కువగా అగ్నిపర్వత శిలల నుంచి వచ్చింది. చేపల రంగులు దానిమీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అందుకే చాలామంది మనసు దానిమీదికి పోతుంది. కొన్న వెంటనే ఒక గట్టి అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇసుకలో తిప్పండి. గింజలు అంటుకుంటే అద్దం తుడిచే అయస్కాంతానికీ అంటుకుని గాజును గీసేస్తాయి. అంటుకోకపోయినా భూతద్దం పరీక్ష తప్పదు, ఎందుకంటే శిలను పగలగొట్టి చేసిన నల్ల ఇసుక గింజలు చాలాసార్లు గాజు పెంకుల్లా ఉంటాయి.

సంచిలో ఉన్నది కార్బొనేటా కాదా అన్న అనుమానం ఉంటే చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోయండి. బుడగలు వస్తే కార్బొనేట్. రాకపోతే సిలికానో, అగ్నిపర్వత ఇసుకో. సముద్రతీరం నుంచి నేరుగా ఇసుక ఎత్తుకొచ్చే ఆలోచన మానుకోండి. దానిలో నూనె, మురుగు, లోహపు రజను ఏమున్నాయో కంటికి కనబడవు. పైగా చాలాచోట్ల తీరపు ఇసుక తీయడం చట్టవిరుద్ధం.

తడి సంచిలో వచ్చే లైవ్ శాండ్, పొడి ఇసుక, రెండింటి మధ్య చేపకు తేడా ఏమీ లేదు. లైవ్ శాండ్‌లో ఉండేది ప్రధానంగా బ్యాక్టీరియా. రాస్ తినే కోపిపాడ్లు (రొయ్యలాంటి అతి చిన్న జీవులు), పురుగులు మూసిన సంచిలో ఎక్కువకాలం బతకవు. నడుస్తున్న ఆరోగ్యకరమైన ట్యాంకు నుంచి రెండు గుప్పెళ్ల ఇసుక తెచ్చి పొడి ఇసుక మీద చల్లితే జీవం ఇంకా బాగా వ్యాపిస్తుంది. లైవ్ శాండ్ సంచి విప్పగానే కుళ్లిన గుడ్డు వాసన కొడితే దాన్ని ట్యాంకులో పోయకండి.

లోతు, పరిమాణం

12 సెం.మీ. లోపు పెరిగే హాలికోరిస్ రాస్‌కు, లెపర్డ్ రాస్‌కు కనీసం 5 సెం.మీ., బాగా ఉండాలంటే 6 నుంచి 8. కోరిస్ గైమార్డ్ లాంటివి పిల్లలుగా ఎర్రగా ముద్దుగా అమ్ముతారు గానీ పెద్దయ్యాక 35 సెం.మీ. దాటుతాయి, వాటికి 10 సెం.మీ. ఉండాలి. డైమండ్ గోబీకి 4 నుంచి 5 సెం.మీ. చాలు, కానీ విశాలం కావాలి. జల్లించే నేల చిన్నదైతే నెలరెండు నెలల్లో దానిలోని పురుగులన్నీ తినేసి ఆకలితో చిక్కిపోతుంది. జాఫిష్‌కు 12 నుంచి 18. పిస్టల్ రొయ్య, గోబీ జంటకు 5 నుంచి 8, పైన ఒక పలక రాయి. గార్డెన్ ఈల్ 40 సెం.మీ. దాకా పెరుగుతుంది, సన్నటి శరీరంలో ఎక్కువభాగం ఇసుకలోనే ఉంటుంది. దానికి 20 సెం.మీ. కంటే తక్కువ ఇవ్వొద్దు.

ఎంత ఇసుక కావాలో లెక్క సులువే. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. పొడి అరగొనైట్ లీటరుకు సుమారు 1.5 కిలోలు తూగుతుంది. 120 × 45 సెం.మీ. అడుగున 6 సెం.మీ. పోయాలంటే 32.4 లీటర్లు, అంటే సుమారు 49 కిలోలు. రాళ్లు అడుగు అద్దం మీద నిలిచిన చోటు తీసేస్తే 42 నుంచి 44 కిలోలు పడుతుంది. తడి సంచుల్లో నీటి బరువు కూడా కలిసి ఉంటుంది కనుక ఒకటి ఎక్కువే తెచ్చుకోండి. ఆ 32 లీటర్ల ఇసుకలో సగానికి కాస్త తక్కువ గింజల మధ్య నీరే. మిగతా 18 లీటర్ల దాకా ట్యాంకు నీటి పరిమాణం తగ్గుతుంది. మందు మోతాదు లెక్కించేటప్పుడు దాన్ని తీసేయాలి.

అదే ట్యాంకులో గార్డెన్ ఈల్ కోసం అడుగంతా 20 సెం.మీ. పోస్తే 108 లీటర్లు. నీరు పీల్చిన ఇసుక బరువు 200 కిలోలు దాటుతుంది. ఆ చోటులోని నీటి బరువు తీసేసినా స్టాండు మీద అదనంగా ఇంచుమించు 100 కిలోలు పడుతుంది. స్టాండు తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

అడుగంతా లోతుగా వేయడం కుదరకపోతే, లేదా పగడాల కోసం ప్రవాహం మరీ బలంగా ఉంటే, ఇసుక పెట్టె మంచి దారి. 25 × 20 సెం.మీ., 10 సెం.మీ. ఎత్తున్న గాజు లేదా ప్లాస్టిక్ పెట్టెలో 8 సెం.మీ. ఊలైట్ నింపి ప్రవాహం తగలని రాళ్ల వెనక పెట్టండి. మిగతా అడుగున పలచగా 1 నుంచి 2 మి.మీ. ఇసుక చాలు. రాస్‌లు మెత్తటి చోటు ఎక్కడుందో కొద్దిరోజుల్లో కనిపెడతాయి. ఒక పెట్టెకు ఒకటి రెండు చేపలే లెక్క. మూడో దాన్ని పాతవి తరిమేస్తాయి.

జాఫిష్ మిశ్రమం

ఒకే సైజు గుండ్రటి ఇసుకలో నిలువు గొయ్యి తవ్వితే అంచులు జారిపడతాయి. గింజలు ఒకదాన్నొకటి పట్టుకోవు. రకరకాల సైజులు కలిస్తే పెద్ద ముక్కల సందుల్లో చిన్నవి బిగుసుకుని గోడ నిలుస్తుంది. జాఫిష్‌కు బాగా పనిచేసే పాళ్లు ఇవి: 0.5 నుంచి 1.5 మి.మీ. ఇసుక 10కి 6 వంతులు, 2 నుంచి 5 మి.మీ. పగడపు తునకలు రెండున్నర వంతులు, 1 నుంచి 3 సెం.మీ. రాతి, చిప్ప ముక్కలు ఒకటిన్నర వంతు. పెద్ద ముక్కలన్నీ ముందే ఇసుకలో కలిపేయకండి, ఒక గుప్పెడు పైన చెదరగొట్టి ఉంచండి. చేప వాటిని తనే ఎంచుకుని మోసుకెళ్తుంది. పసుపు తల జాఫిష్ రాత్రి బొరియ నోటికి ఒక రాయో చిప్పో అడ్డం పెట్టుకుని మూసుకుంటుంది, దానికి సరిపడే ముక్క కూడా అక్కడ ఉండాలి.

ట్యాంకంతా ఈ లోతు అవసరం లేదు. ఒక మూలన 30 × 25 సెం.మీ. మేర 16 సెం.మీ. పోస్తే 12 లీటర్లు, సుమారు 18 కిలోలతో పని అయిపోతుంది. దిబ్బ కరిగిపోకుండా ముందు రాళ్ల వరుసో, అక్రిలిక్ పలకో అడ్డు పెట్టండి. చేపను ట్యాంకంతటా వదిలేసి అదే మూల ఎంచుకుంటుందని ఎదురుచూడకండి. ఆ దిబ్బ మీదే అడుగు లేని ప్లాస్టిక్ డబ్బా, గోడలకు చిల్లులు పెట్టింది, బోర్లించి చేపను దానిలో వదలండి. తవ్వకం మొదలుపెట్టి సగం దూరం దిగాక డబ్బా తీయొచ్చు.

పిస్టల్ రొయ్య జంటకూ ఇదే సూత్రం, లోతు తక్కువ. ఇసుక మీద పలక రాయి ఒకటి వాలుగా పెడితే రొయ్య దాని కిందనే మొదలుపెడుతుంది. ఇంజనీర్ గోబీ పెద్దదయ్యాక 30 సెం.మీ. దాటుతుంది, ప్రతిరోజూ ఎంతో ఇసుక మోస్తుంది. రాళ్లు ఇసుక మీద కూర్చుని ఉన్న ట్యాంకులోకి దాన్ని తేవడం ప్రమాదం.

వేసే పద్ధతి

తవ్వే చేప ఏదైనా సరే, రాళ్లు ముందు, ఇసుక తర్వాత. రాళ్లను అడుగు అద్దం మీదే, పలచటి ప్లాస్టిక్ జాలీ లేదా అక్రిలిక్ ముక్కలు వేసి నిలబెట్టండి. జాఫిష్ మూలలో పీవీసీ గొట్టం ముక్కలతో కాళ్లు చేసి వాటి మీద రాళ్లు ఎత్తిపెడితే కింద ఎంత తవ్వినా కదలవు. ఇసుక మీద పెట్టిన రాయి ఇవాళ గట్టిగా ఉన్నా, కింద తవ్విన రోజు కూలుతుంది. చేప నలిగిపోవచ్చు, అద్దం పగలొచ్చు.

పొడి ఇసుకను 4, 5 కిలోల చొప్పున బకెట్లో వేసి మంచినీళ్లతో చేయి పెట్టి కలుపుతూ వంచేయండి. ముతక ఇసుక ఏడెనిమిది సార్లకు తేటపడుతుంది. ఊలైట్ నీళ్లు ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా తేటపడవు. పాలలా ఉన్నవి కాస్త మసక స్థాయికి వచ్చాక ఆపేయండి, ఇంకా కడిగితే మీరు కోరి తెచ్చుకున్న సన్న గింజలే కొట్టుకుపోతాయి. ఆఖరి కడుగు ఆర్‌ఓ నీటితో. లైవ్ శాండ్‌ను కడగకూడదు.

నీళ్లున్న ట్యాంకులో వేయాల్సి వస్తే వేవ్‌మేకర్లు ఆపి, ఎయిర్‌స్టోన్ ఒకటి నడిపిస్తూ, 40 మి.మీ. పీవీసీ గొట్టాన్ని అడుగుదాకా దింపి దానిలోంచి తడి ఇసుక కొద్దికొద్దిగా పోయండి. ఒకటి రెండు గంటలు కుదురుకున్నాక పంపులు సగం వేగంతో మొదలుపెట్టండి. ఫిల్టర్‌లో కొత్త దూది వేసి, మురికిపట్టగానే మార్చండి. ఊలైట్ మసక విడవడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. దానివల్ల చేపలకు హాని లేదు, పగడాల మీద పేరుకున్న పొరను మాత్రం చిన్న పంపుతో ఊదేయాలి.

రాస్ కానీ జాఫిష్ కానీ ఉన్న ట్యాంకుకు 6 మి.మీ. కన్నాల వల మూత తప్పనిసరి. ఎంత మంచి ఇసుకైనా మూత చేసే పని చేయదు.

ఎక్కడ తేడా వస్తుంది

కొత్త రాస్ ట్యాంకులోకి రాగానే ఇసుకలో దూరి రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం దాకా బయటికి రాదు. చచ్చిపోయిందేమోనని కెలకొద్దు. కెలికితే బెదిరి ఇంకా ఎక్కువకాలం దాక్కుంటుంది, ఆ పెనుగులాటలో గీసుకుంటుంది కూడా. అమ్మోనియా పరీక్ష చేస్తూ ఉండండి. అది పెరగనంతవరకు వేచి చూడండి. చేప తాను వచ్చిన సముద్రపు పగలు, రాత్రి వేళలకు అలవాటుపడి ఉంటుంది కనుక మొదట్లో మీ లైట్లు వెలిగే వేళలతో సంబంధం లేకుండా లేస్తుంది, పడుకుంటుంది.

బాగా దూరుతున్న చేప ఉన్నట్టుండి దూరడం మానేసిందంటే ఇసుకను వేలితో పొడిచి చూడండి. గడ్డకట్టి ఉండవచ్చు. ఆల్కలినిటీ, కాల్షియం ద్రావణాలు, సున్నపు నీరు ఎక్కువగా లేదా త్వరగా పోసినప్పుడు, మెగ్నీషియం తగ్గినప్పుడు కాల్షియం కార్బొనేట్ నేరుగా ఇసుక గింజల మీదే దిగి వాటిని అతికించేస్తుంది. సన్న ఇసుకలో గింజకు గింజ తగిలే చోట్లు ఎక్కువ, అందుకే ఊలైట్ ముందు గట్టిపడుతుంది. అలాంటి గట్టు మీదికి వేగంగా దూకిన రాస్ మూతి చితికిపోతుంది. గడ్డలు చేత్తో తీసేయండి, ద్రావణాలు పడే చోటును ప్రవాహం బాగా ఉన్న సంపులోకి (ట్యాంకుకు కలిపి ఉండే అదనపు తొట్టెలోకి) మార్చండి, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర నిలపండి.

కింది పెదవి అరిగి తెల్లబడటం, పక్కల పొలుసులు ఒకే వరుసలో లేచిపోవడం, గోబీ ఒక మొప్ప తెరిచి ఉంచి ఊపిరి తీయడం, ఇవి గింజ ముతకదనానికి గుర్తులు. అప్పుడు మందు వెతికే ముందు ఇసుక పెట్టె ఒకటి ఊలైట్‌తో ఆ రోజే పెట్టండి.

ఇసుకలో నల్ల మచ్చలు కనిపిస్తే కంగారు వద్దు. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్, ఆక్సిజన్ అందని పొర ఉందని చెబుతుంది. దాన్ని ఒక్కసారిగా కలిపేస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలి చేపలు పోయే ప్రమాదం ఉంది. 5 నుంచి 10 సెం.మీ. లోతు ఈ విషయంలో ఇబ్బందికరం: పూర్తిగా ఆక్సిజన్ అందేంత పలచనా కాదు, నైట్రేట్ తగ్గించేంత లోతూ కాదు. రాస్ కోసం ఆ లోతు తప్పదు కాబట్టి మొదటి నెల నుంచే వారానికి అడుగులో నాలుగో వంతు చొప్పున సైఫన్ చేస్తూ (గొట్టంతో మురికి లాగేస్తూ) రండి. సన్న ఇసుక గొట్టంలో ఎక్కుతుంటే గొట్టాన్ని వేళ్లతో నొక్కి ప్రవాహం తగ్గించండి. పట్టపగలు, చేపలన్నీ ఈదుతూ కంటికి కనిపిస్తున్నప్పుడే ఈ పని చేయాలి. జాఫిష్ బొరియ చుట్టూ 15 సెం.మీ. మేర ముట్టుకోకండి; లోపల అది కదులుతూ నీరు ఆడిస్తూనే ఉంటుంది.

క్వారంటైన్ ట్యాంకులో

కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకు అడుగు ఖాళీగా ఉండగా రాస్‌ను వదిలితే అది అద్దానికే తల కొట్టుకుని మూతి పగలగొట్టుకుంటుంది. 8 సెం.మీ. ఇసుక నింపిన చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టాలి. ఇక్కడ మాత్రం అరగొనైట్ వద్దు, గుండ్రటి సిలికానే సరైనది. పరాన్నజీవులను చంపే కాపర్ మందు వాడితే కార్బొనేట్ ఇసుక దాన్ని నీటిలోంచి లాగేస్తుంది. పరీక్షలో అంకె పడిపోతుంది, పోసిందే మళ్లీ పోస్తారు, మోతాదు అంచనాకు అందదు. సిలికా పెట్టినా కాపర్ రోజూ పరీక్షించండి. చికిత్స అయ్యాక ఆ డబ్బాలోని ఇసుకను ప్రధాన ట్యాంకులోకి తేవొద్దు.

నడుస్తున్న ట్యాంకులో ఇసుక మార్చాలంటే

పాత ముతక పొర మీదే సన్న ఇసుక పోస్తే కొన్ని వారాల్లో సన్నది సందుల్లోంచి కిందికి దిగిపోయి ముతకది పైకి తేలుతుంది. కింద ఇరుక్కున్న మురికి కుళ్లి అమ్మోనియా కూడా పుట్టొచ్చు. పాతది తీసేయడమే మంచిది. ఒకేరోజు మొత్తం తీయకుండా, వారానికి అడుగులో నాలుగో వంతు చొప్పున, నీళ్లు మార్చే రోజున 20 నుంచి 25 మి.మీ. గొట్టంతో సైఫన్ చేసి బకెట్లోకి లాగేయండి. ఖాళీ అయిన భాగంలో మర్నాడు అమ్మోనియా చూసి, సున్నా ఉంటే కొత్త ఇసుక పోయండి. ఇసుకలో పడుకునే చేప అప్పటికే ట్యాంకులో ఉంటే మొదటి వారం మార్చాల్సింది అది పడుకునే మూల కాదు. దానికి ఎదురు మూలను ముందు మార్చి, అక్కడ సన్న ఇసుక పూర్తి లోతు వేసి, రాస్ రాత్రి అక్కడికి మారిందని చూశాకే పాత పడక జోలికి వెళ్లండి.